లెన్సు ఉన్న కంటిలో మన మందులు వద్దు

కొంతకాలంగా పాఠకులు అడుగుతున్న ప్రశ్నలలో ఒకటి మళ్ళీ మళ్ళీ కనిపిస్తున్నది. అడిగేవారు ఎక్కువగా తల్లులు. అమ్మాయి నెలవారీ కాంటాక్టు లెన్సులు వాడుతున్నది. ఉదయం ధరించినపుడు హాయిగానే ఉంటున్నవి. సాయంత్రమయ్యేసరికి కళ్ళు మండుతూ, ఇసుక పడినట్లు గరగరలాడుతున్నవి. లెన్సు తీయకుండానే వేసుకోదగిన చుక్కలు ఆయుర్వేదంలో ఉన్నాయా? పన్నీరు వేయవచ్చునా? త్రిఫలా కషాయంతో కడగవచ్చునా? ఒక్క తేనె చుక్క వేస్తే కంటిలోని మలినమంతా నీరై కారిపోతుందంటారు, నిజమేనా?

వీటన్నింటికీ నా సమాధానం ఒక్కటే. లెన్సు కంటిలో ఉండగా పన్నీరు వద్దు, తేనె వద్దు, త్రిఫల వద్దు, ఆముదం వద్దు, ఇంటిలో తయారైన ఏ ద్రవమూ వద్దు. బాల్యంలోనే గురువుగారి ఇంట చేరి, ఆయన మందుల సంచి మోసి, కషాయాలు కాచి, సూత్రాలు వల్లె వేసి ఈ విద్యను నేర్చుకున్నవాడను. అటువంటి నేను ఇంత ఖండితంగా చెప్పడం కొందరికి వింతగా తోచవచ్చు. నా వైద్యం మీద నాకు గల గౌరవమే ఈ మాట అనిపిస్తున్నది.

ముందుగా ఈ లెన్సు ఎటువంటి పదార్థమో తెలుసుకోవాలి. చెకోస్లోవేకియా దేశపు రసాయన శాస్త్రవేత్త ఒట్టో విక్టర్లె తన సహచరుడైన ద్రహొస్లావ్ లీమ్‌తో కలిసి, నీటిని పీల్చుకొని మెత్తబడే ఒక కొత్త పదార్థాన్ని రూపొందించారు. 1961 క్రిస్మస్ రోజులలో విక్టర్లె తన ఇంటిలోనే, పిల్లల ఆటసామాను ముక్కలతోను, సైకిలు డైనమోతోను చిన్న యంత్రం అమర్చి, తిరిగే అచ్చులలో ఆ పదార్థాన్ని పోసి మెత్తని లెన్సులు తీశారు. (పరిశోధనాలయం చేయలేని పనిని ఇంటి బల్ల చేసిందన్నమాట! గృహవైద్యం మీద అభిమానం గల మన పాఠకులకు ఈ సంగతి నచ్చుతుంది.) 1971లో అమెరికాలో మెత్తని లెన్సులకు అనుమతి లభించింది. 1999లో సిలికోన్ కలిసిన హైడ్రోజెల్ లెన్సులు అంగడికి వచ్చాయి. నేడు నెలవారీ లెన్సులలో అధికభాగం ఈ జాతివే.

సిలికోన్ ఎందుకు కలిపారన్నది ముఖ్యం. కంటి నల్లగుడ్డుకు ముందు గడియారపు అద్దం వలె ఉండే పొరను శుక్లపటలం అంటారు. అందులో రక్తనాళాలు ఉండవు. ఉంటే చూపు మసకబారుతుంది. కనుక ఆ పొర తనకు కావలసిన ప్రాణవాయువును ముఖ్యంగా కన్నీటి ద్వారా, గాలినుండే స్వీకరిస్తుంది. దానిమీద లెన్సు కప్పితే ఆ గాలి లెన్సు గుండా రావలసిందే. పాత హైడ్రోజెల్‌లో గాలిని మోసేది అందులోని నీరు. సిలికోన్ అయితే తానే గాలిని చొరనిస్తుంది. అందుచేత కొత్త లెన్సు గుండా పాతదానికన్నా అనేక రెట్లు ప్రాణవాయువు కంటికి అందుతున్నది. కళ్ళు ఎర్రబడడం, శుక్లపటలం ఉబ్బడం, దాని అంచులలోనికి రక్తనాళాలు పాకడం వంటివి దీనివలన బాగా తగ్గాయి. ఇది మెచ్చదగిన ప్రగతి. అయితే సిలికోన్‌కు జిడ్డు అంటే ప్రీతి. కన్నీటిలోని కొవ్వును, రెప్పల అంచులకు పెట్టిన కాటుకలోని నూనెను అది సులభంగా పట్టుకుంటుంది.

ఇక ఉదయం ఉన్న హాయి సాయంత్రానికి ఎందుకు పోతున్నదో చూద్దాము. కంటిమీద పరచుకున్న కన్నీటి పొర అతి పలుచనిది. లెన్సు దానిని పైపొర, అడుగుపొర అని రెండుగా చీలుస్తుంది. లెన్సు మీద మిగిలిన పైపొర త్వరగా ఆరిపోతుంది. దానిని మళ్ళీ తడిపేది రెప్పపాటు. సాధారణంగా నిమిషానికి సుమారు పదిహేను సార్లు రెప్ప వేస్తాము. కంప్యూటరు తెరవైపు గాని, ఫోనువైపు గాని చూస్తున్నపుడు అది సగానికి, ఒక్కొక్కపుడు అంతకన్నా తక్కువకు పడిపోతుంది. వేసిన రెప్ప కూడా పూర్తిగా మూతపడదు. దీనికి తోడు ఏసీ గది. ఆరిన లెన్సు మీద రెప్ప లోపలి పొర రోజంతా రాచుకుంటుంది. గరగర అక్కడిదే. వాతం పెరిగి కన్ను ఎండడాన్ని మన శాస్త్రం శుష్కాక్షిపాకంగా వర్ణించింది. అయితే కంటి స్వభావం వలన వచ్చిన పొడిదనం వేరు, లెన్సు వలన వచ్చిన పొడిదనం వేరు. రెండవదానికి మొదటి చికిత్స లెన్సు తీయడమే.

నీటి శాతం ఎక్కువ గల లెన్సు కంటికి ఎక్కువ చలువ చేస్తుందని చాలామంది భావిస్తారు, కొన్ని దుకాణాల వారు కూడా అలాగే చెబుతారు. పొడి గాలిలో అటువంటి లెన్సు తాను కోల్పోయిన నీటిని కన్నీటినుండి లాక్కుంటుంది. ఎవరి కంటికి ఏది సరిపోతుందో లెన్సు వంపును, కన్నీటి తీరును పరీక్షించి నేత్రవైద్యులు నిర్ణయించవలసినదే గాని, కళ్ళజోడు చీటీ చూపించి కొనుక్కునే వస్తువు కాదిది. పవరు నాలుగు దాటితే కళ్ళజోడు పవరు, లెన్సు పవరు ఒకటిగా ఉండవన్న సంగతి కూడా చాలామందికి తెలియదు.

నెల అన్న మాట గురించి. రేకు మూత తెరిచిన దినం నుండి లెక్కించిన ముప్పై రోజులే నెలవారీ లెన్సుకు ఆయుర్దాయం. మధ్యలో పది రోజులు ధరించలేదు గనుక మరో పది రోజులు వాడుకోవచ్చునన్న లెక్క చెల్లదు. లెన్సు డబ్బాలో ఉన్నా దాని వయస్సు సాగుతూనే ఉంటుంది. "నలభై అయిదు రోజులైంది, హాయిగానే ఉన్నది గదా" అన్నవారిని చూశాను. కన్నీటిలోని మాంసకృత్తులు, కొవ్వు, ధూళి లెన్సుకు పొరలుగా అంటుకుంటాయి. ప్రతిరాత్రి కడిగినా పూర్తిగా పోవు. వాటిమీద సూక్ష్మజీవులు స్థిరపడతాయి. కంటికి హాయిగా ఉన్నంత మాత్రాన లెన్సు శుభ్రంగా ఉన్నట్లు కాదు. మరొకవైపు, ఇరవయ్యో రోజుకే గుచ్చుకుంటుంటే నెల నిండలేదని ఓర్చుకోనవసరం లేదు, దానిని పారవేయాలి. పాలవాడి లెక్క, గ్యాసు బండ వచ్చిన తేదీ వ్రాసుకునే గోడ క్యాలెండరు మీదనే లెన్సు తెరిచిన తేదీ కూడా వ్రాసుకుంటే, జ్ఞాపకం మీద ఆధారపడవలసిన అవసరం ఉండదు.

ఇక మన మందుల సంగతికి వస్తాను. మెత్తని లెన్సు తడిపిన గుడ్డ వంటిది. కంటిలో ఏది వేస్తే దానిని పీల్చి, గంటల తరబడి శుక్లపటలానికి ఆనించి ఉంచుతుంది. నేత్రవైద్యులు పరీక్షకై పచ్చని రంగుచుక్క వేసేటపుడు ముందుగా లెన్సు తీయిస్తారు. తీయకపోతే లెన్సే రంగు పట్టేస్తుంది. మందుల దుకాణంలో దొరికే అనేక చుక్కలలోని నిలువ రసాయనాలను కూడా లెన్సు అలాగే పీల్చుకుంటుంది. అందుచేతనే వాటిమీద కూడా లెన్సు తీసి వేసుకొమ్మని వ్రాసి ఉంటుంది. ఇక మన త్రిఫలా కషాయం మాట చెప్పవలెనా? ఉసిరి, కరక్కాయ, తానికాయల వగరు లెన్సులో చేరుతుంది. నాలుగు మడతల గుడ్డలో వడగట్టినా కంటికి కనిపించని నలుసు మిగులుతుంది. లెన్సు లేని కంటిలో నలుసు పడితే కన్నీరు దానిని కడిగివేస్తుంది. లెన్సు క్రింద చిక్కిన నలుసు రెప్ప వేసినప్పుడల్లా గీస్తుంది. ఆ గీత గుండానే సూక్ష్మజీవి లోపల ప్రవేశిస్తుంది.

పన్నీరు మరింత అపాయకరం, ఎందుకంటే అది నిరపాయకరమని అందరి నమ్మకం. ముఖానికి రాసుకోవడానికి అమ్మే సీసాను తెరిచి ఆరు నెలలు అలమారులో ఉంచి, అదే కంటిలో పోసుకుంటున్నారు. అది కంటిమందుకు ఉండవలసిన శుద్ధితో తయారైనది కాదు. 2006లో సింగపూర్, హాంకాంగ్, అమెరికాలలో లెన్సు వాడేవారికి ఫ్యుసేరియం అనే బూజు వలన కంటిలో పుండ్లు పడగా, ఒక పెద్ద కంపెనీ తన లెన్సు సొల్యూషనును ప్రపంచమంతటా అమ్మకం నుండి ఉపసంహరించుకున్నది. మరుసటి ఏడాది అకాంతమీబా అనే జీవి వలన వచ్చిన వ్యాధుల కారణంగా మరొక కంపెనీ అదే పని చేయవలసి వచ్చింది. శుద్ధి పరీక్షలు జరిగిన కర్మాగారపు సొల్యూషనుకే ఈ గతి పట్టినపుడు, మన వంటింటి గిన్నెలో కాచిన ద్రవానికి ఏ పూచీ ఇవ్వగలము?

ఇది మన శాస్త్రానికి విరుద్ధమైన మాట కానే కాదు. సుశ్రుతుడు డెబ్బది ఆరు నేత్రరోగాలను వర్ణించాడు. తర్పణం, పుటపాకం, సేకం, ఆశ్చ్యోతనం, అంజనం అని చికిత్సలను విభజించాడు. ఆశ్చ్యోతనమంటే చుక్కలు వేయడం. ఎంత ఎత్తు నుండి వేయాలి, ఏ ప్రయోజనానికి ఎన్ని చుక్కలు, ఏ వేళలో వేయరాదు అన్న వివరాలన్నీ ప్రాచీనులు చెప్పారు. అలసినవారు, జ్వరపీడితులు, రాత్రి నిద్ర లేనివారు, అప్పుడే భోజనం చేసినవారు, తలస్నానం చేసినవారు అంజనం పెట్టుకోరాదని భావప్రకాశం చెబుతున్నది. ఏ కంటికి మందు తగదో ఇంత జాగ్రత్తగా వివరించిన సంప్రదాయం, కంటిలో ఒక పరాయి వస్తువు అమర్చి ఉండగా దానిమీద మందు పోయమని చెబుతుందా? ఆనాడు లెన్సు లేదు గనుక నిషేధం వ్రాయలేదు. నేడు ఉన్నది గనుక మనం వ్రాయాలి.

గత సంవత్సరం సంక్రాంతికి మా ఊరు వచ్చిన ఒక అమ్మాయిని తల్లి నా వద్దకు తీసుకువచ్చింది. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం. లెన్సులతోనే రాత్రి బస్సులో నిద్రపోయింది. తెల్లవారేసరికి ఒక కన్ను ఎర్రబడింది. ఇంటిలో పెద్దావిడ ఆముదం చుక్క వేసింది. మధ్యాహ్నానికి వాపు, మూడవ దినానికి వెలుతురు చూడలేని స్థితి. "వైద్యులుగారూ, అల్లోపతీకి వెళ్తే ఆపరేషనంటారు. మీరే ఏదైనా చల్లని మందు వేయండి" అన్నది తల్లి. టార్చిలైటు వేసి చూశాను. నల్లగుడ్డు అంచున బియ్యపు నూక అంత తెల్లని మచ్చ. "అమ్మా, ఇక్కడ కూర్చోవద్దు. ఇప్పుడే కంటి ఆసుపత్రికి బయలుదేరండి. లెన్సులు, వాటి డబ్బా, సొల్యూషను సీసా కూడా వెంట తీసుకువెళ్ళండి" అని ఆటో ఎక్కించాను. డబ్బాను పరీక్షించి అక్కడివారు సూక్ష్మజీవిని గుర్తించగలరు. ఆపరేషను అవసరం కాలేదు. మొదట గంటకొకసారి, రాత్రిళ్ళు కూడా చుక్కలు వేశారు. చూపు దక్కింది. అంచున సన్నని మచ్చ మాత్రం ఉండిపోయింది. అదే మచ్చ నడిమధ్యన పడి ఉంటే చూపు పోయేది.

నిద్ర విషయంలో ఒక లెక్క చెప్పాలి. ఆస్ట్రేలియాలో జరిగి 2008లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, మెత్తని లెన్సులను పగలు మాత్రమే ధరించేవారిలో ఏడాదికి పదివేల మందికి సుమారు ఇద్దరికి ఇటువంటి పుండు వచ్చినట్లు, రాత్రి కూడా ఉంచుకునేవారిలో ఆ సంఖ్య సుమారు ఇరవై నుండి ఇరవై అయిదు వరకు ఉన్నట్లు తేలింది. సిలికోన్ లెన్సులలో ప్రాణవాయువు ఎక్కువ అందినప్పటికీ రాత్రి అపాయం తగ్గలేదు. గాలి సమస్యకు పరిష్కారం దొరికింది గాని సూక్ష్మజీవి సమస్యకు దొరకలేదు. పగటినిద్ర కూడా నిద్రే. భోజనానంతరం ఓ అరగంట కునుకు తీసే అలవాటు మన ఇళ్ళలో ఉన్నది. దానికి కూడా లెన్సు తీయాలి.

నీరు ఈ లెన్సుకు మరొక శత్రువు. మనకు నీరు పవిత్రం గనుక ఈ మాట మింగుడుపడదు. కుళాయి నీటిలో, బావిలో, చెరువులో, నదిలో అకాంతమీబా ఉండవచ్చు. అది గుల్లలోపల దాక్కున్నపుడు క్లోరిను కూడా దానిని సులభంగా చంపలేదు. లెన్సుకు అంటుకొని శుక్లపటలంలో ప్రవేశిస్తే నెలల తరబడి చికిత్స, భరింపరాని నొప్పి. కావున లెన్సును గాని, డబ్బాను గాని నీటితో కడగరాదు. కాచి చల్లార్చిన నీరైనా పనికిరాదు. ఉమ్మితో తడపడం మహాపాపం. లెన్సుతో ముఖం కడగడం, ఈతకు వెళ్ళడం, పుష్కర స్నానం చేయడం కూడదు. ఆదివారం తలంటు మరీ ముఖ్యం. కుంకుడుకాయ రసం పడితే లెన్సు లేని కన్నే నిప్పు రాజుకున్నట్లుంటుంది. ముందుగా లెన్సు తీసి, తలంటి, తల ఆరి, చేతి జిడ్డు సబ్బుతో పోగొట్టుకొని, నూలు రాలని గుడ్డతో తుడుచుకున్న పిమ్మటనే మళ్ళీ ధరించాలి. మిరపకాయలు తరిగిన చేతితో, ఆవకాయ కలిపిన చేతితో లెన్సు ముట్టుకున్నవారికి నేను చెప్పనవసరం లేదు, ఒకసారి అనుభవమైతే చాలు.

డబ్బాలోని పాత సొల్యూషనుపై కొత్తది పోయడం చాలా ఇళ్ళలో కనిపించే పొదుపు. ఆ పొదుపు కంటికి చేటు. ప్రతిదినం పాతదంతా పారబోసి, లెన్సును అరచేతిలో సొల్యూషనుతో రుద్ది కడిగి, కొత్త సొల్యూషనులో ఉంచాలి. డబ్బాను బోర్లించి ఆరబెట్టాలి. మూడు నెలలకొకసారి మార్చాలి. పెరాక్సైడు జాతి సొల్యూషను వాడేవారు దాని ప్రత్యేకమైన డబ్బాలోనే, చెప్పిన గంటలు పూర్తయ్యేవరకు ఉంచాలి. తొందరపడి ధరిస్తే కన్ను కాలుతుంది. ఇంత శ్రద్ధ తమవల్ల కాదనుకునేవారికి ఏరోజుకారోజు పారవేసే లెన్సులు మేలు. ఖర్చు ఎక్కువే. వారానికి రెండు మూడు రోజులు మాత్రమే ధరించి, మిగతా రోజులు కళ్ళజోడు పెట్టుకునేవారికి అంత భారం కాదు.

కళ్ళజోడు అనగానే మరొక మాట స్ఫురిస్తున్నది. పెళ్ళిచూపులకు ముందు అమ్మాయికి లెన్సులు అమర్చే తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు. పెళ్ళినాడు హోమం పొగలో, కెమెరా దీపాల వేడిలో పదహారు గంటలు ఆ లెన్సులతోనే కూర్చోబెడతారు. మంట పెడుతున్నదని చెప్పడానికి ఆ పిల్లకు నోరు రాదు. అత్తవారింటికి వెళ్ళాక జోడు సంగతి తెలిసిపోతుందేమోనని రాత్రి కూడా తీయకుండా పడుకున్న కొత్తకోడలి ఉదంతం నాకు తెలుసు. ఏ సొల్యూషనూ, ఏ కషాయమూ దానిని బాగుచేయలేదు. చూపు మందగించడం దోషం కాదని పెద్దలు ఆ ఇంటిలో ముందే చెప్పి ఉండవలసింది.

మరి ఆయుర్వేదం చేయగలిగినది ఏమీ లేదా అంటే, ఉన్నది. లెన్సు తీసిన తరువాత మొదలవుతుంది. రాత్రి అరికాళ్ళకు నువ్వులనూనె మర్దన చేయడం నేత్రహితమని మన సంప్రదాయం. వేళకు నిద్ర, ఆవునెయ్యి, ఆకుకూరలు, ఉసిరి మితంగా తీసుకోవడం మంచిదే. త్రిఫలా చూర్ణాన్ని లోనికి పుచ్చుకోదలచినవారు వైద్యుని సలహాతో పుచ్చుకోవచ్చు. పనిలో ఉండగా ఇరవై నిమిషాలకొకసారి తెరపైనుండి చూపు మరల్చి దూరం చూసి, నాలుగుసార్లు నిండుగా రెప్ప వేయడం అన్ని చుక్కలకన్నా సులభమైన ఉపాయం. లెన్సుపైన వేసుకోదగినవని స్పష్టంగా వ్రాసి ఉన్న తడి చుక్కలను నేత్రవైద్యులు సూచిస్తే వాడుకోవచ్చు. తర్పణం వంటి చికిత్సలు లెన్సు లేని కంటికి, శుద్ధి పాటించే వైద్యుని చేతిలో మాత్రమే జరగాలి.

ఒక విషయంలో మా వృత్తివారిని కూడా ఉపేక్షించలేను. "మా చుక్కలతో కళ్ళజోడు తీసివేస్తాము, లెన్సు అవసరం ఉండదు" అనే ప్రకటనలు నాకు సిగ్గు కలిగిస్తున్నవి. కనుగుడ్డు పొడవు పెరగడం చేత వచ్చిన హ్రస్వదృష్టిని చుక్కలు తగ్గించలేవు. పిల్లలు ఆరుబయట ఎక్కువసేపు ఆడుకుంటే ఆ దోషం ఆలస్యంగా వస్తుందని పరిశోధనలు చెబుతున్నవి. తల్లిదండ్రులకు ఆ మాట చెబుదాము.

లెన్సు ధరించేవారి కన్ను ఎర్రబడి, నొప్పి, వెలుతురు సహించలేకపోవడం, మసక ఏ ఒక్కటి ఉన్నా వెంటనే లెన్సు తీయాలి. మళ్ళీ పెట్టరాదు. ఇంటి మందు వేయరాదు. దుకాణంలో అడిగి తెచ్చిన స్టెరాయిడ్ చుక్కలు అంతకన్నా ప్రమాదం. ఆ దినమే కంటి ఆసుపత్రికి వెళ్ళాలి. మరునాటి వరకు ఆగరాదు.

ఈ పత్రిక సంపాదకులకు, తోటి వైద్యమిత్రులకు ఒక విన్నపం. కంటికి సంబంధించిన ఏ గృహవైద్యాన్ని ప్రచురించినా, ఏ చీటీ వ్రాసినా, దాని క్రింద "కాంటాక్టు లెన్సు కంటిలో ఉండగా దీనిని వాడరాదు, లెన్సు వాడేవారు ముందుగా నేత్రవైద్యుని అడగాలి" అన్న ఒక్క వాక్యం చేర్చండి. మా చికిత్సాలయంలో చీటీలు ఈ వాక్యంతోనే అచ్చువేయించాను.